పాత ఎక్స్‌పీని కొత్త ల్యాప్‌టాప్‌లో బతికించేదెలా? (పేజ్‌మేకర్ కోసం)

గంటస్తంభం_డీటీపీ
విజయనగరంలో మాది డీటీపీ షాపు. 2003లో నాన్న పెట్టారు. అప్పుడు కొన్న పెంటియం 4 కంప్యూటరే ఇప్పటికీ మాకు అన్నం పెడుతోంది. 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, పాత తెలుగు ఫాంట్లు, వాటికో యూఎస్‌బీ లాక్ (అది గుచ్చితేనే ఆ ఫాంట్లు పనిచేస్తాయి). పెళ్లి కార్డులు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, గుడి రసీదు పుస్తకాలు, అన్నీ దాంట్లోనే.

వారం నుంచి పొద్దున్నే ఆన్ కావట్లేదు. పక్క రేకు విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు పూరీల్లా పొంగి ఉన్నాయి. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి రెండు నిమిషాలు వేడిగాలి కొడితే లేస్తోంది. ఎన్నాళ్లిలా?

కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. తెలిసిన మెకానిక్ ఒకాయన "పార్టిషన్ చేసి పక్కన ఎక్స్‌పీ వేసేస్తా, పదిహేను వందలివ్వు" అంటున్నాడు. ఇంకొకరేమో వర్చువల్ మెషిన్ అంటున్నారు. ఏది చెయ్యాలి? మాఘమాసం ముహూర్తాలు దగ్గరికొచ్చేశాయి, టెన్షన్‌గా ఉంది.

తాండ్ర_ముక్క
హెయిర్ డ్రయ్యర్‌తో కంప్యూటర్ లేపడం! ముందు మీ ఆవిడకి మెకానిక్ ఉద్యోగం ఇవ్వండి.

చీపురుపల్లి_టు_బెంగళూరు
ఆ పదిహేను వందలు జేబులోనే ఉంచుకోండి. ఎక్స్‌పీ 2001లో వచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతితో మాత్రమే లేస్తాయి, ఎక్స్‌పీకి పాత పద్ధతి బయాస్ కావాలి. మీ ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ అనే కొత్త రకమైతే దానికి ఎక్స్‌పీలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డ్రైవరే లేదు. ఇన్‌స్టాల్ మొదలవగానే "హార్డ్‌డిస్క్ కనబడలేదు" అని చేతులెత్తేస్తుంది. ఎలాగోలా వేసినా గ్రాఫిక్స్‌కీ వైఫైకీ డ్రైవర్లు ఎక్కడ తెస్తారు?

వర్చువల్ మెషినే మీకు దారి. వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అది ఎక్స్‌పీకి 1990ల నాటి చిప్‌సెట్, పాత రకం ఐడీఈ డిస్కు, పాత బయాస్ ఉన్న కంప్యూటర్‌ని తయారుచేసి చూపిస్తుంది. తను విండోస్ 11 లోపల ఒక కిటికీలో ఉన్నానని ఎక్స్‌పీకి తెలియనే తెలియదు.

నాగావళి_నెట్‌సెంటర్
సింపుల్‌గా చెప్తాను. మీ మెకానిక్ చెప్పిన డ్యూయల్ బూట్ అంటే ఒకే ఇంట్లో రెండు కుటుంబాలు, కానీ ఒకళ్లు బయటికి వెళ్తేనే ఇంకొకళ్లు లోపలికి రావాలి. వర్చువల్ మెషిన్ అంటే వెనక పోర్షన్ అద్దెకివ్వడం. ఇద్దరూ ఒకేసారి ఉండొచ్చు. కరెంటు మీటరు మాత్రం ఒకటే.

తాండ్ర_ముక్క
మరి అద్దెకున్నవాడు నీళ్ల మోటారు వేస్తే ఓనరు ఇంట్లో కుళాయి ఆగిపోదా?

రాజాం_బీటెక్
ఆగిపోతుందన్నా, నాకు ఆగిపోయింది. నాదీ 8 జీబీనే. వర్చువల్ మెషిన్‌లో కాలీ లినక్స్ (హ్యాకింగ్ నేర్చుకునేవాళ్లు వాడేది) పెట్టి దానికి 6 జీబీ ఇచ్చేశాను. మౌస్ కదలడం మానేసింది. హాస్టల్‌లో అందరూ చుట్టూ చేరి "హ్యాకింగ్ మొదలైందా" అని అడుగుతున్నారు. పవర్ బటన్ పట్టుకుని ఆపాను.

చీపురుపల్లి_టు_బెంగళూరు
@రాజాం_బీటెక్ విండోస్ 11 కనీసం 4 జీబీ ఉండాలంటుంది తమ్ముడూ. దానికి రెండు వదిలితే ఏం చేస్తుంది పాపం.

డీటీపీ గారూ, మీకు ఆ భయం లేదు. 32 బిట్ ఎక్స్‌పీకి 1 జీబీ ఇస్తే రాజభోగం. ఇన్నాళ్లూ మీరు సగంతోనే బతికారు.

సిస్టమ్_డాక్టర్_శ్రీకాకుళం
మెకానిక్‌లందర్నీ ఒకే గాటన కట్టకండి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పద్దెనిమిదేళ్లుగా బల్ల వేసుకుని ఇదే పని చేస్తున్నాను. ఆ కెపాసిటర్లు నాలుగూ మార్చడానికి రెండు వందలు కూడా కాదు. మారిస్తే ఆ బోర్డు ఇంకో నాలుగైదేళ్లు నడుస్తుంది. ఈ బాక్సులూ అవీ ఎందుకు?

చీపురుపల్లి_టు_బెంగళూరు
బోర్డు నడుస్తుంది సరే, ఇరవై ఏళ్ల హార్డ్‌డిస్క్ సంగతేంటి డాక్టర్ గారూ? అది పోయిన రోజు మీ దగ్గరికి తెస్తే మీరైనా ఏం చేస్తారు?

సిస్టమ్_డాక్టర్_శ్రీకాకుళం
ఆ మాట నిజమే. ముందు డిస్కు బయటికి తీసి ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ పెట్టి ఫైళ్లన్నీ కాపీ చేసెయ్యండి. మిగతాదంతా తర్వాత. హెయిర్ డ్రయ్యర్ మాత్రం ఆపండి బాబూ, ఏదో రోజు టప్పుమని పేలుతుంది.

పెంగ్విన్_పాలకొండ
అసలు విండోస్ 11 ఎందుకు? ఉబుంటు లినక్స్ వేసి, దాని మీద కేవీఎం (వర్చువల్ మెషిన్లు నడిపేది) పెట్టి, అందులో ఎక్స్‌పీ పెట్టండి. కేవీఎం 2007 నుంచి లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్లోనే ఉంది. డబ్బులక్కర్లేదు.

తాండ్ర_ముక్క
వచ్చాడు మా పాలకొండ పెంగ్విన్. ఎవరైనా "అన్నా, జలుబు చేసింది" అన్నా ఉబుంటు వెయ్యమంటాడు.

బొబ్బిలి_మాస్టారు
ఇదేదో కొత్త వింత అనుకుంటున్నారు గానీ, ఐబీఎం వాళ్లు 1972లోనే వీఎం/370 అని ఇచ్చారు. ఒక్క పెద్ద మెషిన్‌ని పది మందికి పంచి, ఎవరికి వారికి సొంత కంప్యూటర్ ఉన్నట్టు చూపించేవారు. మన బల్ల మీది ఇంటెల్ చిప్పుల్లో దీనికి ప్రత్యేక ఏర్పాటు వచ్చింది 2005లో. వీఎంవేర్ వాళ్లు అంతకు ముందే, 1999లో, ఆ ఏర్పాటు లేకుండానే సాఫ్ట్‌వేర్ కిటుకులతో నడిపించారు. అదీ గొప్ప. కాలేజీలో ఈ పాఠం చెప్తుంటే పిల్లలు నిద్రపోయేవారు, ఇక్కడ మీరైనా వింటున్నారు.

రాజాం_బీటెక్
మాస్టారూ, నేను మేలుకునే ఉన్నాను. ఇది ఇంటర్నల్స్‌లో వస్తుందా?

గంటస్తంభం_డీటీపీ
ఫైళ్లన్నీ కాపీ అయ్యాయి, డాక్టర్ గారికి థాంక్స్. మొత్తం కలిపి 11 జీబీ. ఇరవై ఏళ్ల ఊరి పెళ్లిళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో పట్టేశాయి!

వర్చువల్‌బాక్స్ వేశాను. స్టార్ట్ నొక్కితే ఎర్ర గుర్తుతో "ఏఎండీ-వి బయాస్‌లో డిజేబుల్ అయి ఉంది" అని అర్థం వచ్చేలా ఏదో చూపించి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ పాడైందా?

చీపురుపల్లి_టు_బెంగళూరు
పాడవలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. కింద కుడివైపు "వర్చువలైజేషన్" అని ఉంటుంది. దాని ఎదురుగా డిజేబుల్డ్ అని ఉంటే బయాస్‌లో (ల్యాప్‌టాప్ లేచేటప్పుడు తెరిచే సెట్టింగ్స్, యూఈఎఫ్ఐ అయినా అందరూ పాత పేరుతోనే పిలుస్తారు) ఆన్ చెయ్యాలి. మీది ఏఎండీ కాబట్టి "ఎస్‌వీఎం మోడ్" అనే పేరుతో ఉంటుంది. ఇంటెల్ అయితే "ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ" అని ఉంటుంది.

సిస్టమ్_డాక్టర్_శ్రీకాకుళం
బయాస్‌లో అదొక్కటే మార్చండి. పక్కన సెక్యూర్ బూట్ అదీ ఇదీ కెలక్కండి. నా దగ్గరికొచ్చే కేసుల్లో సగం కెలికినవే.

గంటస్తంభం_డీటీపీ
చేశాను, నడుస్తోంది! ఇంకో సంగతి. ఎక్స్‌పీ కిటికీ కింద కుడిమూల చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఒకటి వచ్చింది. ఇన్‌స్టాల్ కూడా దానిలాగే నడుస్తోంది. "39 నిమిషాలు" అని చూపించి గంట పైనే అయింది.

ఆమదాలవలస_రైలు
తాబేలా!! శ్రీకూర్మం నుంచి స్వామివారు నేరుగా మీ ల్యాప్‌టాప్‌లో వెలిశారు. కొబ్బరికాయ కొట్టండి.

తాండ్ర_ముక్క
గుడిలో నక్షత్ర తాబేళ్లకి ఆకుకూర పెడతారు కదా. దీనికి ర్యామ్ పెట్టండి.

చీపురుపల్లి_టు_బెంగళూరు
నవ్వింది చాలు గానీ, ఆ తాబేలుకి అర్థం ఉంది. విండోస్ తన సొంత వర్చువల్ మెషిన్ ఇంజన్ హైపర్-విని ముందే పట్టుకుని కూర్చుంది. వర్చువల్‌బాక్స్‌కి ప్రాసెసర్ నేరుగా దొరకట్లేదు, హైపర్-వి వెనక క్యూలో నిలబడి పని చేయించుకుంటోంది. అందుకే నెమ్మది.

విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్, అందులో మెమరీ ఇంటెగ్రిటీ ఉంటుంది. అది ఆఫ్ చెయ్యండి. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వి, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ అన్నవాటికి టిక్కులుంటే తీసేసి రీస్టార్ట్ చెయ్యండి.

పెంగ్విన్_పాలకొండ
ఇక్కడ నేను ఒప్పుకోను. మెమరీ ఇంటెగ్రిటీ ఉన్నది చెడ్డ డ్రైవర్లు కెర్నెల్లోకి దూరకుండా ఆపడానికి. పెళ్లికార్డు త్వరగా తెరుచుకోవాలని ఇంటి తలుపు గడియ తీసేస్తామా? రోజూ బయటివాళ్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే షాపు అది.

చీపురుపల్లి_టు_బెంగళూరు
మాట సబబే. కానీ తాబేలుతో పేజీ కదిలించడానికి మూడు సెకన్లు పడితే ఆయన పనెలా చేస్తారు?

పెంగ్విన్_పాలకొండ
ముందు తాబేలుతోనే పని చేసి చూడమనండి. ఇన్‌స్టాల్ నెమ్మదైనా తర్వాత పేజ్‌మేకర్ బాగానే నడవొచ్చు. అది 2001 నాటి ప్రోగ్రాము, దానికెంత కావాలని. చాలకపోతే అప్పుడు ఆఫ్ చేసుకోవచ్చు.

నాగావళి_నెట్‌సెంటర్
ఈసారి పెంగ్విన్‌కే నా ఓటు. ఈ రోజు తేదీ రాసి పెట్టుకోండి.

గంటస్తంభం_డీటీపీ
సరే, తాబేలుని ఉండనిస్తున్నాను. ఇన్‌స్టాల్ అయిపోయింది. ఆ పచ్చ కొండ, నీలం ఆకాశం చూసి నాన్న కళ్లజోడు సర్దుకుని "ఇదీ కంప్యూటర్ అంటే" అన్నారు.

ఆమదాలవలస_రైలు
లైసెన్సు సంగతి ఎవరూ మాట్లాడట్లేదేం? పాత డబ్బాతో పాటు వచ్చిన ఓఈఎం ఎక్స్‌పీ ఆ డబ్బాకే చెల్లుతుంది. విడిగా కొన్న రిటైల్ సీడీ అయితేనే వేరే మెషిన్‌కి మార్చుకోవచ్చు.

గంటస్తంభం_డీటీపీ
విడిగా కొన్నదేనండీ. సీడీ, బిల్లు, హోలోగ్రామ్ కాగితం అన్నీ బీరువాలో పాత పట్టాదారు పాసుపుస్తకం పక్కన ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదని ఫ్రెండు దగ్గర ఐఎస్ఓ (సీడీ మొత్తం ఒకే ఫైలుగా) చేయించుకొచ్చాను.

తాండ్ర_ముక్క
2003లో విజయనగరంలో ఎక్స్‌పీ ఒరిజినల్ కొన్న మనిషా! మూడు లాంతర్ల దగ్గర సన్మానం చెయ్యాలి నాన్నగారికి.

బొబ్బిలి_మాస్టారు
లైసెన్సు అన్నారు కాబట్టి ఇంకోటి. వర్చువల్‌బాక్స్ అసలు ప్యాకేజీ షాపులో వాడుకున్నా ఉచితమే, జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అని విడిగా ఇచ్చేది మాత్రం సొంత వాడకానికీ చదువులకీ ఉచితం, వ్యాపారానికి కాదు. చాలామంది చూసుకోకుండా రెండూ వేసేస్తారు. ఒకప్పుడు యూఎస్‌బీ 2 కోసం ఆ ప్యాక్ కావలసి వచ్చేది, 7.0 నుంచి అది అసలు ప్యాకేజీలోనే ఉంది. మీకు అక్కర్లేదు.

ఆమదాలవలస_రైలు
వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా ఇప్పుడు ఫ్రీ కదా?

బొబ్బిలి_మాస్టారు
అవును. 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కంపెనీ కొనుక్కుంది, 2024 మేలో సొంత వాడకానికి ఉచితం చేసింది, అదే ఏడు నవంబరులో వ్యాపారానికి కూడా. డౌన్‌లోడ్ చేసుకోవాలంటే వాళ్ల సైట్‌లో ఖాతా తెరవాలి.

గంటస్తంభం_డీటీపీ
లాక్ పెడితే ఎక్స్‌పీలో కనబడట్లేదు. యూఎస్‌బీ 3 ఎంచుకున్నాను, పెద్ద నంబరు మంచిదని.

చీపురుపల్లి_టు_బెంగళూరు
ఎక్స్‌పీకి యూఎస్‌బీ 3 అంటే ఏంటో తెలియదు. మెషిన్ ఆపి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ 2 పెట్టండి, అదీ కుదరకపోతే 1.1. తర్వాత అక్కడే ఫిల్టర్‌లో మీ లాక్‌ని చేర్చండి, గుచ్చగానే నేరుగా ఎక్స్‌పీకి వెళ్లిపోతుంది. ఆ సమయంలో విండోస్ 11కి అది కనబడదు, కంగారు పడకండి.

నెట్‌వర్క్ అడాప్టర్ మాత్రం పూర్తిగా తీసెయ్యండి. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. దాన్ని ఇంటర్నెట్‌లోకి పంపడమంటే చంటిపిల్లని హైవే మీద వదలడమే. ఎక్స్‌పీ లోపల వర్చువల్‌బాక్స్ వాళ్ల గెస్ట్ అడిషన్స్ వేసుకుని షేర్డ్ ఫోల్డర్ (ఎక్స్‌పీకీ విండోస్ 11కీ రెండిటికీ కనబడేది) పెట్టుకోండి, దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు.

నాగావళి_నెట్‌సెంటర్
షేర్డ్ ఫోల్డర్ మాట వచ్చింది కాబట్టి నా ఏడుపు కూడా వినండి. ఇంకెవరికీ జరగకూడదు.

మా నెట్‌సెంటర్‌లో ఒక పాత బిల్లింగ్ ప్రోగ్రాము కోసం విండోస్ 7 వీఎం (వర్చువల్ మెషిన్) పెట్టుకున్నాను. స్నాప్‌షాట్ అనేది ఒకటుందని తెలిసిన రోజు నా ఆనందం చెప్పలేను. ఏదైనా చెడితే ఒక్క నొక్కు, పాత స్థితికి వెనక్కి. ప్రతి సోమవారం ఒకటి తీసేవాణ్ని. బ్యాకప్ ఉందిలే అని ధీమా.

ఏడాదికి 256 జీబీ ఎస్ఎస్‌డీ నిండిపోయింది. ఫోల్డర్ తెరిచి చూస్తే "స్నాప్‌షాట్స్" అని ఒకటి, లోపల పొడుగాటి పేర్లతో యాభై ఫైళ్లు. పాతవే కదా, ఎందుకు అనుకుని ముప్పై ఎంచి షిఫ్ట్ డిలీట్ కొట్టాను. రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా!

మర్నాడు వీఎం లేవలేదు. స్నాప్‌షాట్ అంటే పూర్తి కాపీ కాదట. మొదటి డిస్కు అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత మారినవి మాత్రమే కొత్త ఫైల్లో పడతాయి, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. గొలుసులో మధ్య లింకులు నేనే తెంపేశాను. పది నెలల బిల్లులు పోయాయి. తీసెయ్యాలంటే వర్చువల్‌బాక్స్ లోపలి నుంచే డిలీట్ చెయ్యాలి, అప్పుడది ముందూ వెనకా కలిపి అతుకుతుంది. ఆ మూడు రోజులూ అన్నం సహించలేదు. మా ఆవిడ "ఎవరైనా పోయారా" అని అడిగింది.

రాజాం_బీటెక్
నేను ఇంకో రకంగా పోగొట్టుకున్నాను. ప్రాజెక్టు ఫైళ్లు వీఎం లోపలే పెట్టుకుని, ఏదో చెడిందని వారం కిందటి స్నాప్‌షాట్‌కి వెళ్లిపోయాను. చెడిందీ పోయింది, వారం రాసిన కోడూ పోయింది.

చీపురుపల్లి_టు_బెంగళూరు
అందుకే డీటీపీ గారూ, అంతా సరిగ్గా నడిచిన రోజు మెషిన్ ఆపి, ఆ మొత్తం ఫోల్డర్‌ని బయటి హార్డ్‌డిస్క్‌కి కాపీ చేసి దాచండి. రేపు ఈ ల్యాప్‌టాప్ పోయినా ఇంకోదాంట్లో అరగంటలో మీ షాపు తెరుచుకుంటుంది. చేసిన కార్డులు మాత్రం రోజూ సాయంత్రం షేర్డ్ ఫోల్డర్‌లోకి వచ్చెయ్యాలి.

పెంగ్విన్_పాలకొండ
ఇంత కష్టం బదులు యూనికోడ్‌కి (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగుకి) మారిపోవచ్చు కదా అని అడగకుండా ఉండలేకపోతున్నాను. పాత ఫాంట్లలో ఉన్నది అసలు తెలుగే కాదు, ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు వేషం. ఫాంట్ తీసేస్తే పిచ్చి గీతలు. గూగుల్‌లో వెతికితే దొరకదు, వాట్సాప్‌లో పెడితే చదవలేరు.

గంటస్తంభం_డీటీపీ
తెలుసండీ. కన్వర్టర్లతో ప్రయత్నించాను. పేరాకి రెండు మూడు చోట్ల వత్తులు ఎగిరిపోతున్నాయి. కరపత్రంలో పోతే సర్దుకోవచ్చు. పెళ్లికార్డులో పెళ్లికూతురి ఇంటిపేరులో వత్తు పోతే వెయ్యి కార్డులు మా నెత్తినే. పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లని తెరవవు. నాన్నకి 68 ఏళ్లు, కీబోర్డు చూడకుండా నిమిషంలో శుభలేఖ మొత్తం కొడతారు. ఆ వేళ్లని ఇప్పుడు కొత్త బడిలో వెయ్యలేను.

బొబ్బిలి_మాస్టారు
కొత్త పనులు యూనికోడ్‌లో మీరు చెయ్యండి, పాత పద్ధతి ఆయన్ని చెయ్యనివ్వండి. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ ఉన్నాయిగా.

గంటస్తంభం_డీటీపీ
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. లాక్ పట్టుకుంది. ఫాంట్లు వచ్చాయి. 2006 నాటి ఒక కార్డు తెరిస్తే అక్షరం చెక్కుచెదరలేదు. పాత లేజర్ ప్రింటర్‌ని కూడా లాక్‌లాగే ఎక్స్‌పీకి అప్పగించాను, ప్రింటు వచ్చింది. తాబేలు ఉంది గానీ పేజ్‌మేకర్ పాత కంప్యూటర్ కంటే జోరుగానే నడుస్తోంది, కాబట్టి సెక్యూరిటీ ఏదీ ఆఫ్ చెయ్యలేదు.

పెంగ్విన్_పాలకొండ
చెప్పానా!

తాండ్ర_ముక్క
ఇక వారం రోజులు ఈయన్ని పట్టలేం.

గంటస్తంభం_డీటీపీ
ఒక్క చిక్కు మిగిలింది. ల్యాప్‌టాప్‌కి నాన్న పాత కీబోర్డే తగిలించాను. ఫుల్ స్క్రీన్‌లో పెడితే ఆయనకి తేడా తెలియలేదు, బాగానే కొడుతున్నారు. కానీ మధ్యమధ్యలో అక్షరాలు పడటం మానేస్తున్నాయి. మౌస్‌తో మళ్లీ లోపల నొక్కితే వస్తున్నాయి. ఆయనేమో "మీ కొత్తదానికి వినపడదు, గట్టిగా నొక్కాలి" అంటున్నారు.

చీపురుపల్లి_టు_బెంగళూరు
నాన్నగారు సేవ్ కొట్టేటప్పుడు కుడివైపు కంట్రోల్ వాడతారా?

గంటస్తంభం_డీటీపీ
ఒక్క నిమిషం, చూసొస్తా.

అవును! ఎడమచేత్తో ఎస్, కుడిచేత్తో కుడి కంట్రోల్. ఇరవై ఏళ్లుగా అంతే.

చీపురుపల్లి_టు_బెంగళూరు
వర్చువల్‌బాక్స్‌లో కుడి కంట్రోల్ అంటే హోస్ట్ కీ. అది నొక్కితే కీబోర్డు ఎక్స్‌పీ నుంచి బయటికొచ్చి విండోస్ 11 చేతికి వెళ్తుంది. ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్‌లోకి వెళ్లి దాన్ని ఆయన ముట్టుకోని బటన్‌కి మార్చండి. స్క్రోల్ లాక్ అయితే ఎవరూ ముట్టుకోరు.

గంటస్తంభం_డీటీపీ
మార్చాను. పొద్దుట నుంచి ఆరు కార్డులు కొట్టారు, ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడే సాయంత్రం ఎక్స్‌పీని షట్‌డౌన్ చేశారు, వెనకాల విండోస్ 11 తెర బయటపడింది. నా వైపు తిరిగి "ఇదెవరిది, దీన్ని కూడా ఆపెయ్యనా?" అన్నారు.

ఆమదాలవలస_రైలు
ఏమన్నారు మరి?

గంటస్తంభం_డీటీపీ
అది నాది నాన్నా, వదిలెయ్ అన్నాను.